‘దేవా’ అన్న పిలుపులో ‘డు’ లేదు

లక్డీకాపూల్ మెట్రో స్టేషన్‌లో దిగి నిలోఫర్ వైపు నడిచేవాళ్లలో చాలామంది చేతుల్లో ఆసుపత్రి ఫైళ్లుంటాయి. రెడ్‌హిల్స్ నుంచి పంజాగుట్ట నిమ్స్ దాకా ఈ దారి పొడవునా ఆసుపత్రులే. పసిపిల్లలకు నిలోఫర్, కేన్సర్‌కు ఎం.ఎన్.జె., వీధికి రెండేసి ప్రైవేటు దవాఖానాలు. ఆసుపత్రి ఉన్నచోట ప్రార్థన ఉంటుంది. వరండాల్లో, మెట్ల కింద, ఐ.సి.యు. బయటి కుర్చీల్లో కళ్లు మూసుకుని పెదవులు కదుపుతున్న మనుషులు ఏ వేళ వెళ్లినా కనిపిస్తారు. సాయంత్రం పూట బైబిలు పట్టుకుని మంచం మంచానికీ వెళ్లి “ప్రార్థన చేయమంటారా” అని అడిగే క్రైస్తవ విశ్వాసులు కూడా ఉంటారు. పేరు అడుగుతారు, జబ్బు అడుగుతారు, తల మీద చెయ్యి వేస్తారు. “ఈ సహోదరుణ్ణి ముట్టు ప్రభువా” అంటారు, లేదా “ఈ సహోదరిని ముట్టు ప్రభువా” అంటారు. ఆ మంచం మీద పడుకున్నది హిజ్రా అయితే ఆ చెయ్యి ఒక్క క్షణం గాలిలో ఆగుతుంది. నోట్లో మాట కూడా ఆగుతుంది. ఆ ఒక్క క్షణాన్ని పట్టుకుని తెలుగు క్రైస్తవ ప్రార్థనను మొదటి నుంచి చూడాలని ఈ ప్రయత్నం.

లక్డీకాపూల్ పేరులోనే కొంత సంగతి ఉంది. లక్డీ అంటే కట్టె, పుల్ అంటే వంతెన. ఉర్దూలో కట్టె స్త్రీలింగం, వంతెన పుంలింగం. వంతెనను బట్టి మధ్యలో ‘కా’ వచ్చింది, ‘కీ’ రాలేదు. ప్రాణం లేని వంతెనకైనా లింగం చెప్పనిదే ఉర్దూ అడుగు వెయ్యదు. ఆ భాషలో ప్రార్థించే మనిషి ‘వస్తున్నాను’ అనాలన్నా ‘ఆతా హూఁ’, ‘ఆతీ హూఁ’ అని తాను మగో ఆడో చెప్పి తీరాలి. ఇంగ్లిషులో ఆ బాధ లేదు గాని, మూడో మనిషి ప్రస్తావన వస్తే ‘హీ’ అనో ‘షీ’ అనో తేల్చాలి. తెలుగులో ‘వస్తున్నాను ప్రభువా’ అన్నది ఎవరో ఆ మాటను బట్టి చెప్పలేం. ‘నీవు విన్నావు’ అంటే విన్నది అమ్మో అయ్యో క్రియ చెప్పదు. ప్రార్థన అంటే నేను నీతో మాట్లాడటం. ‘నేను’, ‘నీవు’ అన్న ఈ రెండు చోట్లా తెలుగు క్రియకు లింగం లేదు. ఈ భాషలో పుట్టి ప్రార్థించేవారికి ఇది పిత్రార్జితం, మాత్రార్జితం కూడా. దాన్ని మనం ఎంత వాడుకున్నాం, ఎంత పోగొట్టుకున్నాం అన్నదే అసలు లెక్క.

పడమటి దేశాల సంఘాల్లో ప్రార్థన భాషలోని లింగం మీద వాదన యాభై ఏళ్లుగా నడుస్తోంది. అమెరికాలోని చర్చిల జాతీయ మండలి 1983లో స్త్రీపురుషులిద్దరినీ కలుపుకునే భాషలో ఆరాధన పాఠాల సంపుటి తెచ్చింది. 1989లో వచ్చిన ఎన్.ఆర్.ఎస్.వి. ఇంగ్లిషు బైబిలు అనువాదం పౌలు లేఖల్లోని ‘సహోదరులారా’ను ‘సహోదరులారా, సహోదరీలారా’గా విప్పింది. 2008లో వాటికన్ అడ్డుగీత గీసింది. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే మాటలకు బదులు సృష్టికర్త, విమోచకుడు, పవిత్రపరచేవాడు అని చెప్పి ఇచ్చిన బాప్తిస్మం చెల్లదని తేల్చింది. 2023లో ఇంగ్లండ్ సంఘంలో దేవుణ్ణి పురుషవాచకాలతోనే పిలవాలా అన్న చర్చ ప్రపంచ పత్రికలకెక్కింది. ఈ వాదనలన్నీ అచ్చయిన పుస్తకాల చుట్టూ తిరిగాయి. ఏ పుట మార్చాలి, ఏ కమిటీ ఒప్పుకోవాలి అన్నదే అక్కడి పేచీ.

మన దగ్గర సంగతి వేరు. దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) 1947 సెప్టెంబర్ 27న ఏర్పడింది, 1963లో తన ఆరాధన గ్రంథాన్ని తెచ్చుకుంది. ఆ పుస్తకం చూసి ప్రార్థించేవారు తెలుగు క్రైస్తవుల్లో కొంత భాగమే. బాప్టిస్టులు, పెంతెకొస్తు వారు, ముషీరాబాద్ గోల్కొండ క్రాస్‌రోడ్స్‌లో భక్త్‌సింగ్ నిలిపిన హెబ్రోను సహవాసాలు, ఇంటింటి ప్రార్థనా కూటాలు పుస్తకం లేకుండా ప్రార్థిస్తాయి. సి.ఎస్.ఐ. వారు కూడా ఇంట్లో, ఆసుపత్రిలో, సమాధి దగ్గర నోటికి వచ్చినట్టే ప్రార్థిస్తారు. తెలుగు ప్రార్థనలో ఎక్కువ పాలు అచ్చుకెక్కనిది. దాన్ని మార్చుకోవడానికి సినడ్ అనుమతి అక్కర్లేదు. ఇంగ్లిషు వాదనను యథాతథంగా దించుకుని ఇక్కడ సర్వనామాల మీద కొట్లాడేవారూ, అది పడమటి గాలి అని తలుపులు మూసేవారూ ఈ తేడాను చూడటం లేదు.

ఇక వ్యాకరణం. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం రాసేనాటికే మన వ్యాకర్తలు నామవాచకాలను మహత్తులు, అమహత్తులు అని విడదీశారు. మహత్ అంటే గొప్పది. పురుషుడు మహత్తు. స్త్రీ ఏకవచనంలో అమహత్తుతో, బహువచనంలో మహత్తుతో నడుస్తుంది. మామూలు మాటల్లో చెబితే, తల్లి వచ్చింది, బస్సు వచ్చింది. ఇద్దరు తల్లులు కలిస్తే వచ్చారు, రెండు బస్సులు కలిస్తే వచ్చాయి. ఒంటరిగా ఉన్న స్త్రీ బస్సుతో సమానం, గుంపులో చేరితే మనిషి. ‘దేవుడు తల్లిలా ఓదారుస్తాడు’ అంటే సంఘంలో ఎవరికీ అభ్యంతరం ఉండదు. ‘దేవుడు మన తల్లి, ఓదారుస్తుంది’ అనగానే చెవులు నిక్కబొడుచుకుంటాయి. అక్కడ అడ్డుపడేది వేదాంతం ఒక్కటేనా? నాకు అలా అనిపించదు. ఆ ‘స్తుంది’లో దైవం ఒక మెట్టు దిగినట్టు వినిపించడానికి మన వ్యాకరణం నేర్పిన అలవాటు కూడా కారణం.

అయినా అదే వ్యాకరణం వేరే దారులు కూడా తెరిచే ఉంచింది. గౌరవ బహువచనం చూడండి. ‘వారు ఓదారుస్తారు’ అంటే ఆడా మగా తెలియదు, గౌరవం మాత్రం తెలుస్తుంది. ‘గారు’ అన్న మాటకు లింగం లేదు. ‘తన’ అన్న మాటకు లేదు. భూతకాలపు వ్యతిరేక క్రియకు లేదు: ఆయన మరచిపోలేదు, ఆమె మరచిపోలేదు, దేవుడు మనల్ని మరచిపోలేదు. ఇంకో విశేషం ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పాత తెలుగు బైబిలు గ్రాంథికంలో ఉంది. అందులో దేవుడు చేసిన పనులు ఎక్కువగా ‘ఎను’ అనే క్రియలతో వస్తాయి. చెప్పెను, చేసెను, పంపెను. గ్రాంథికంలో ఆయన చెప్పెను, ఆమె చెప్పెను, అది చెప్పెను, మూడింటికీ రూపం ఒక్కటే. వాడుక భాషలోకి వచ్చేసరికి ప్రతి క్రియా ‘చెప్పాడు, చేశాడు, పంపాడు’ అయింది. వాడుక భాషకు మారడం మంచిదే, గిడుగు రామమూర్తి పోరాడి మనకిచ్చిన వరం అది. కాని ఆ మార్పుతో పాటు ఆదికాండం మొదటి అధ్యాయంలోనే ఇన్నిసార్లు ‘డు’ వచ్చి చేరిందని గుర్తించాలి. మన తాతమ్మలు చదివిన బైబిల్లో దేవుడి క్రియలు ఇంత పురుషంగా లేవు.

పిలుపు దగ్గరకు వద్దాం. ‘దేవుడు’లో డు ఉంది. పిలిస్తే ‘దేవా’. డు జారిపోయింది. మోకాళ్ల మీద పడిన తెలుగు మనిషి మొదటి మాటలోనే లింగాన్ని వదిలేస్తున్నాడు, వదిలేస్తోంది. అయితే రెండో వాక్యంలో అది తిరిగి వస్తుంది. స్తుతి మొదలవగానే పరిశుద్ధుడవు, మహోన్నతుడవు, కృపగలవాడవు, నమ్మదగినవాడవు అని డవు, డవు అంటూ సాగుతుంది. తన గురించి చెప్పుకునే చోట కూడా అంతే: అయోగ్యుడను, అయోగ్యురాలను, నీ దాసుడను, నీ దాసురాలను. ఏ పక్కా నిలబడలేని మనిషికి ఇక్కడ నోరు పెగలదు. ప్రభువు ముందు పాపం ఒప్పుకోవడానికి వచ్చినవారిని, ముందు నువ్వు ఆడో మగో చెప్పు అని వ్యాకరణం నిలదీస్తుంది.

దీనికి మందు కూడా ఇంట్లోనే ఉంది. ‘పాపిని’ అన్న మాటకు లింగం లేదు. ‘నీ బిడ్డను’ అన్న మాటకు లేదు. తెలుగు క్రైస్తవులు తమను తాము ‘దేవుని బిడ్డలు’ అని చెప్పుకుంటారు. పెంతెకొస్తు కూటంలోనైనా, కథెడ్రల్‌లోనైనా వినిపించే మాట ఇదొక్కటే. తెలంగాణలో బిడ్డ అంటే మొదట కూతురే. ‘నాకు ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ’ అంటారు. అదే అమ్మ కొడుకును దగ్గరకు తీసుకున్నప్పుడు ‘బిడ్డా’ అనే పిలుస్తుంది. ఆడపిల్ల పేరు పిల్లలందరి పేరైన మాట అది. దేవుణ్ణి వర్ణించే చోట కూడా కీర్తనల గ్రంథం మనకు ఎన్నో మాటలిచ్చింది: ఆశ్రయం, కోట, బండ, కేడెం, వెలుగు, నీడ. ‘నీవు ఆశ్రయదుర్గమైనవాడవు’ అనే బదులు ‘నీవే మా ఆశ్రయం’ అంటే భక్తి తగ్గదు, భావం కుంటుపడదు. ‘పరిశుద్ధుడవైన దేవా’ అనేచోట ‘నీ పరిశుద్ధతకు స్తోత్రం’ అనవచ్చు. నాలుగు వారాలు ప్రయత్నిస్తే నాలుకకు అలవాటవుతుంది.

‘తండ్రీ’ అన్న పిలుపు సంగతేమిటి? ఇక్కడ నేను తొందరపడను. తెలుగు క్రైస్తవుల్లో అత్యధికులు మాల మాదిగ పల్లెల నుంచి వచ్చినవారు. కన్నతండ్రిని ఊరి దొర కొడుకు ‘ఒరేయ్’ అని పిలుస్తుంటే తలవంచుకుని విన్న పిల్లలకు, ఎవడూ ఒరేయ్ అనలేని తండ్రి ఒకరు పైన ఉన్నారని చెప్పిన మాట అది. దొర ముందు చేతులు కట్టుకుని నిలబడినవారు దేవుడి ముందు ‘మా తండ్రీ’ అని హక్కుతో పిలిచారు. ఆ పిలుపును పితృస్వామ్యం అని ఒక్క ముక్కలో కొట్టిపారేస్తే ఆ చరిత్రకు అన్యాయం చేసినట్టే. యేసు నేర్పిన ప్రార్థన కూడా ఆ పిలుపుతోనే మొదలవుతుంది. అది ఉండాలి.

కాని అదొక్కటే ఉండటం వల్ల నొచ్చుకునేవారున్నారు. తాగొచ్చి బెల్టు తీసే నాన్న ఉన్న ఇంట్లో పెరిగిన అమ్మాయి కళ్లు మూసుకుని ‘తండ్రీ’ అంటే ఆమెకు కనిపించేది ఎవరు? బైబిలు ఆమెకు వేరే తలుపులు కూడా తెరిచి ఉంచింది. యెషయా గ్రంథం దేవుణ్ణి చంటిబిడ్డను మరవని తల్లితో, బిడ్డను ఓదార్చే తల్లితో, నొప్పులు పడే స్త్రీతో పోల్చింది. యేసు తనను పిల్లల్ని రెక్కల కింద పొదువుకునే కోడితో పోల్చుకున్నాడు. లూకా సువార్త పదిహేనో అధ్యాయంలో తప్పిపోయిన గొర్రె కోసం వెతికే కాపరి, తప్పిపోయిన కొడుకు కోసం ఎదురుచూసే తండ్రి అందరికీ తెలుసు. ఆ ఇద్దరి మధ్యా పోయిన వెండినాణెం కోసం దీపం వెలిగించి ఇల్లు ఊడ్చే స్త్రీ ఉంది. ఆమె మీద ప్రసంగాలు అరుదుగా వింటాం. పద్నాలుగో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో నార్విచ్ జూలియన్ క్రీస్తును తల్లి అని రాసింది. మన పక్కనే మరాఠీ క్రైస్తవ కవి నారాయణ్ వామన్ తిలక్ క్రీస్తును తల్లిగా, గురువుగా పిలిచి పాడాడు.

తెలుగువారికి తల్లిదైవం కొత్త కాదు. ఆషాఢం వస్తే ఈ నగరమంతా ‘తల్లీ’ అని పిలుస్తుంది. బోనమెత్తిన ఇల్లాలు, పూనకంలో ఊగే శివసత్తులు, డప్పుల ముందు ఆడే హిజ్రాలు ఒకే ఊరేగింపులో నడుస్తారు. ‘ఎల్లమ్మ తల్లి చూస్తది’ అన్నప్పుడు ఆ ‘చూస్తది’లో దైవం మెట్టు దిగినట్టు ఎవరికీ అనిపించదు. అంటే ఇబ్బంది భాషది కాదు, మన చెవిది. పోచమ్మను, మైసమ్మను వదిలి క్రీస్తు దగ్గరకు వచ్చిన ఇళ్లు విగ్రహాన్ని వదిలాయి. దాంతోపాటు ‘తల్లీ’ అన్న పిలుపును కూడా గుమ్మం బయటే వదిలేశాయి. కతోలికులకు ఆ లోటు లేదు. ఇక్కడికి కూతవేటు దూరంలో ఖైరతాబాద్‌లో ఆరోగ్యమాత ఆలయం ఉంది. సెప్టెంబర్ 8న, మరియమాత పుట్టినరోజున, ‘అమ్మా’ అని ఏడ్చే గొంతులు అక్కడ వినవచ్చు, వారిలో క్రైస్తవులు కానివారూ ఉంటారు. అయితే మరియమ్మను దేవుడిగా ఆ సంఘమూ పిలవదు. అమ్మ అన్న పిలుపు దేవుడి పక్కన ఉంది, దేవుడికి మాత్రం అందలేదు.

ఈ విషయాన్ని తెలుగు వేదాంతుల్లో గట్టిగా ఎత్తినవారు జోసెఫ్ ప్రభాకర్ దయం. 2010లో ఆక్స్‌ఫర్డ్ వారు వేసిన దళిత వేదాంత సంపుటిలో ఆయన వ్యాసం పేరు ‘గొంతెమ్మ కోరిక’. మనకు ఆ నానుడి తెలుసు, తీరని ఆశలకు వాడతాం. దళిత వాడల్లో కొలిచే గొంతెమ్మ నుంచి మొదలుపెట్టి, దైవంలోని స్త్రీరూపాన్ని దళిత క్రైస్తవ వేదాంతం మళ్లీ ఊహించుకోవాలన్నది ఆయన వాదన. నానుడిలో ఎగతాళి పాలైన అమ్మవారిని వేదాంతంలోకి తిరిగి పిలవడం అది. జేమ్స్ తనేటి 2013లో తెచ్చిన పుస్తకం తెలుగు బైబిల్ ఉమెన్ చరిత్రను చెప్పింది. వాడవాడకూ తిరిగి వాక్యం చెప్పి, రోగులకు ప్రార్థించి, సంఘాలను నిలబెట్టిన ఆ స్త్రీలు మిషనరీ దొరసానుల నివేదికల్లో సహాయకులుగా మిగిలిపోయారు. రెండు పుస్తకాలూ ఇంగ్లిషులో వచ్చాయి. ఏ తల్లుల గురించి రాశారో వారి మనవరాళ్లు చదువుకునే భాషలోకి రావలసిన పుస్తకాలు ఇవి.

పరిశుద్ధాత్మ విషయంలో మనం చేసుకున్న నష్టం ఇంకా విచిత్రమైనది. హీబ్రూలో ఆత్మకు వాడే ‘రూహ్’ స్త్రీలింగం. యేసు మాట్లాడిన అరమయిక్‌కు దగ్గరిదైన సిరియాక్‌లోనూ స్త్రీలింగమే, తొలినాటి సిరియాక్ సంఘం ఆత్మను తల్లిగా పాడుకుంది. గ్రీకులో నపుంసకలింగం, లాటిన్‌లో పుంలింగం. హిందీలో ‘ఆత్మా’ స్త్రీలింగమే అయినా హిందీ క్రైస్తవులు ‘పవిత్ర ఆత్మా’ను పుంలింగంలోకి మార్చుకున్నారు. తెలుగులో ‘ఆత్మ’ చివర డు లేదు. త్రిత్వంలో ఆ ఒక్క పేరు ఏ పక్షానికీ చెందకుండా ఉంది. మనం దాన్ని ఊరుకోనివ్వలేదు. ‘పరిశుద్ధాత్ముడు’ అన్నాం, ‘పరిశుద్ధాత్మ దేవుడు మాట్లాడుతున్నాడు’ అన్నాం. ‘పరిశుద్ధాత్మా, రా’ అని పిలిస్తే చాలు. పాత పేరు అదే.

స్త్రీల సేవ విషయంలో భాష ఎలా తడబడిందో చూస్తే ముందు దారి కొంత తెలుస్తుంది. తెలుగు సంఘాల్లో పాస్టరుగారు ‘అయ్యగారు’, ఆయన భార్య ‘అమ్మగారు’. దక్షిణ ఇండియా సంఘం 1976లో స్త్రీకి గురుత్వం ఇచ్చింది. అప్పుడు ‘అమ్మగారు’ అంటే పాస్టరు భార్యా, పాస్టరా అన్న ప్రశ్న వచ్చింది. 2013 సెప్టెంబర్ నెలాఖరున ఎగ్గోని పుష్పలలిత నంద్యాల డయాసిస్‌కు బిషప్ అయ్యారు. ఆ సంఘంలో బిషప్ అయిన తొలి స్త్రీ ఒక తెలుగు స్త్రీ. అప్పటికి ఇంగ్లండ్ సంఘంలో కూడా స్త్రీ బిషప్ లేరు. ఆమెను జనం ‘బిషప్‌గారు’ అన్నారు. అరువు మాటకు డు లేదు, గారుకు లింగం లేదు, మాట సులువుగా నిలబడింది. ‘దైవజనుడు’, ‘బోధకుడు’, ‘సేవకుడు’ అని పురుషుడి కొలతకు కుట్టిన మాటలు మాత్రం ఇప్పటికీ పోస్టర్ల మీద అలాగే ఉన్నాయి. మనిషి ముందు వచ్చి నిలబడితే మాట తరువాత సర్దుకుంటుందని నంద్యాల చెప్పింది.

ఇప్పుడు ఆ ఆసుపత్రి మంచం దగ్గరకు తిరిగి వస్తాను. అక్కడ పడుకున్న మనిషికి తెలుగు బైబిలు ఇచ్చిన పేరు ‘నపుంసకుడు’. ఆ మాటను ఈ నగరంలో చట్టం కూడా వాడింది. నిజాం ప్రభుత్వం 1919లో, ఫస్లీ 1329లో, ఒక శాసనం చేసింది. నపుంసకుల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి, ఆడ బట్టలో నగలో వేసుకుని వీధిలో కనిపించినా, ఆడిపాడినా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. నిజాం పోయినా, రాష్ట్రాలు మారినా ఆ శాసనం పుస్తకాల్లో బతికే ఉంది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నాల్సా తీర్పులో ట్రాన్స్‌జెండర్లకు తమ లింగాన్ని తామే చెప్పుకునే హక్కు ఉందని ప్రకటించింది. హైదరాబాద్ ఉద్యమకారిణి వైజయంతి వసంత మొగ్లీ వేసిన వ్యాజ్యంలో తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో ఆ పాత శాసనాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. నూరేళ్ల తరువాత మూసీ ఒడ్డున ఆ రిజిస్టరు మూతపడింది.

బైబిల్లో ఆ మాట కథ దీనికి నేరుగా ఎదురు నడుస్తుంది. ద్వితీయోపదేశకాండం నపుంసకుణ్ణి సమాజంలోకి రానివ్వలేదు. యెషయా 56వ అధ్యాయం ఆ గోడను కూల్చింది. విశ్రాంతిదినాన్ని పాటించే నపుంసకులకు తన ఇంట్లో, తన ప్రాకారాల్లో చోటిస్తానని, కొడుకులు కూతుళ్లు అన్న పేరుకన్నా మెరుగైన పేరు పెడతానని దేవుడు మాటిచ్చాడు. అపొస్తలుల కార్యాలు 8వ అధ్యాయంలో ఇథియోపియా నపుంసకుడు రథంలో కూర్చుని చదువుకుంటున్నది యెషయానే. నాకు బాప్తిస్మానికి అడ్డేమిటని అతను అడిగాడు. సువార్తికుడైన ఫిలిప్పు అడ్డేమీ చెప్పలేదు, నీళ్లలోకి దిగాడు. పాతకాలపు నపుంసకుడు, నేటి ట్రాన్స్ మనిషి ఒకటేనని నేను అనను. రాజాస్థానాల్లో బలవంతంగా అలా చేయబడినవారు వేరు, తన మనసు ఎరిగి తన రూపాన్ని ఎంచుకున్నవారు వేరు. ఆడ మగ లెక్కలో ఇమడని మనిషిని దేవుడి ఇల్లు ఏం చేసింది అన్న ప్రశ్నకు మాత్రం జవాబు ఆ రెండు చోట్లా స్పష్టంగా ఉంది.

లైంగికత గురించి రాయడం ఇంతకన్నా కష్టం, ఎందుకంటే ఇక్కడ సంఘాలు నిజంగానే విడిపోయి ఉన్నాయి. తెలుగు పత్రికలు వాడే ‘స్వలింగ సంపర్కులు’ అన్న మాట ఒక మనిషి జీవితాన్నంతా పడకగదికి కుదించేస్తుంది. ప్రేమ, తోడు, ముసలితనంలో ఒకరి మందులు ఒకరు తెచ్చిపెట్టడం, ఇవేవీ ఆ మాటలో లేవు. మొదటి కొరింథీ లేఖ ఆరో అధ్యాయంలో పౌలు వాడిన రెండు గ్రీకు మాటలకు మన పాత అనువాదం ‘ఆడంగితనం’, ‘పురుషసంయోగం’ అన్న అర్థాలిచ్చింది. మొదటి గ్రీకు మాటకు అసలు అర్థం మెత్తన. దాన్ని ఆడంగితనం అనడంతో నడకలో, గొంతులో మెత్తదనం ఉన్న ప్రతి మగపిల్లవాడూ ఆ జాబితాలోకి వచ్చిపడ్డాడు, ఆడతనమే ఒక తిట్టయింది. ఇంగ్లిషు బైబిల్లో ‘హోమోసెక్సువల్’ అన్న మాట మొదటిసారి కనిపించింది 1946లో. ఈ వచనాల అర్థం మీద పండితులు ఇంకా ఏకీభవించలేదు. ఇంకా తేలని అర్థాన్ని వేదవాక్కుగా చేసి పదిహేడేళ్ల పిల్లవాడి తల మీద పెట్టేముందు కాపరి ఆగి ఆలోచించాలి.

ఎందుకంటే ఆ పిల్లవాడికి జరిగే ప్రార్థన పేరు ‘విడుదల ప్రార్థన’. అమ్మానాన్నలు ఏడుస్తూ తీసుకొస్తారు, ఉపవాసాలు పెట్టిస్తారు, దయ్యం అంటారు, గట్టిగా కేకలేస్తారు. వారి ప్రేమను నేను శంకించను. కాని ఫలితం తెలుసు: తిండి మానేసిన పిల్లలు, ఇల్లు వదిలిన పిల్లలు, ప్రార్థన అంటేనే వణికే పిల్లలు. స్వలింగ ఆకర్షణ జబ్బు కాదని భారత మానసిక వైద్యుల సంఘం 2018లో చెప్పింది. అదే ఏడాది సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్ నుంచి ఇష్టపూర్వక సంబంధాలను తప్పించింది. లైంగికతను మార్చే ‘చికిత్స’లను మద్రాసు హైకోర్టు 2021లో నిషేధించమంది, జాతీయ వైద్య కమిషన్ 2022లో వాటిని వృత్తి దుష్ప్రవర్తన అని ప్రకటించింది. డాక్టరు చేస్తే తప్పయిన పనిని పాస్టరు చేస్తే పరిచర్య ఎలా అవుతుంది? పెళ్లి హక్కు కోసం హైదరాబాద్‌కు చెందిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ వేసిన కేసులో 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు ఆ హక్కు ఇవ్వలేదు. అదే ఏడాది డిసెంబర్ 18న వాటికన్, పెళ్లిగా గుర్తించకుండానే, అలాంటి జంటలను గురువు ఆశీర్వదించవచ్చని చెప్పింది. నాగ్‌పూర్ కేంద్రంగా ఉన్న భారత చర్చిల జాతీయ మండలి ఈ విషయాల మీద సదస్సులు జరుపుతోంది. చెంగల్పట్టు దగ్గర భారతి అనే ట్రాన్స్ మహిళ పాస్టరుగా పనిచేస్తున్న సంగతి పదేళ్ల కిందటే పత్రికల్లో వచ్చింది.

వివాహం గురించి, పాపం గురించి సంఘాలు ఇంకా చాలాకాలం వాదించుకుంటాయి. ఆ వాదన తేలేదాకా మంచం మీది మనిషికి ప్రార్థన ఆపలేం. గుడి బయట ఈ నగరం హిజ్రా చేతి దీవెన కోరుకుంటుంది. కొత్త దుకాణం తెరిచినా, ఇంట్లో బిడ్డ పుట్టినా వారొచ్చి దీవించాలంటారు. ‘దీవెన’ మన మాటే కదా. మన గుడిలో వారికి దీవెన ఇవ్వడానికీ, వారి దీవెన తీసుకోవడానికీ వరుస ఏది? ఎన్నో సంఘాల్లో ఆడవాళ్లు ఒక పక్క తలమీద కొంగుతో, మగవాళ్లు ఒక పక్క కూర్చుంటారు. గుమ్మంలో ‘బ్రదర్’ అనో ‘సిస్టర్’ అనో పలకరిస్తారు. ఏ చాప మీద కూర్చోవాలో తెలియక వెనక్కి తిరిగిపోయే మనిషికి మన వాక్యం చేరనే చేరలేదు.

నా అభిప్రాయం ఇది. వాక్యాన్ని తిరగరాయమని నేను అడగడం లేదు. బాప్తిస్మపు మాటలు, ప్రభువు నేర్పిన ప్రార్థన అలాగే ఉండాలి. అనువాదంలో గాయం చేసే మాటలు వచ్చిన చోట కాపరులు ఆగి వాటి అర్థం వివరించాలి. మార్చుకోవలసింది మన నోటి ప్రార్థన, అది పూర్తిగా మన చేతుల్లోనే ఉంది. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరి ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో చాలా సంఘాల కాపరులు కలిసి చదువుకుంటారు. తెలుగు క్రియలు, తెలుగు పిలుపులు ఆధారంగా ఒక చిన్న ప్రార్థనల పుస్తకం అక్కడి నుంచి రావాలి, ఇంగ్లిషు నుంచి దించినది అక్కర్లేదు.

ఆసుపత్రుల్లో ప్రార్థించే విశ్వాసులకు, సంఘ కాపరులకు ఒక మనవి. ప్రార్థన విన్నపాల చీటీ మీద ‘సహోదరుడు / సహోదరి’ అని ఉంటే కొట్టేసి, పేరు రాయడానికి ఒక గీత మాత్రం ఉంచండి. మంచం దగ్గర మాట ఆగితే, ‘మీ పేరేంటి?’ అని అడగండి. వారు ఏ పేరు చెబితే ఆ పేరుతో, ‘ఈ నీ బిడ్డను ముట్టు దేవా’ అని ప్రార్థించండి.